భుజం, భుజం, కోణం ఎందుకు చాలవు?

చెన్నై ఆదంబాక్కంలో ఉండే మా మేనకోడలు తొమ్మిదో తరగతి. మొన్న వెళ్లినప్పుడు అడిగింది: "మావయ్యా, రెండు భుజాలూ వాటి మధ్య కోణమూ సమానమైతే త్రిభుజాలు సర్వసమానం, అంటే ఒకదాని మీద ఒకటి సరిగ్గా సరిపోతాయి అంటారు కదా. ఆ కోణం మధ్యలో కాకుండా పక్కన ఉంటే ఎందుకు ఒప్పుకోరు?"

ఎంత మంచి ప్రశ్న! నియమాలు బట్టీ పట్టించే చోట ఇలాంటివి అడగనివ్వరు, నాకు బాధగా ఉంటుంది.

చీపురు పుల్ల తెమ్మన్నాను. కాగితం మీద అడ్డగీత గీసి, దాని ఎడమ కొస 'ఎ' నుంచి 30 డిగ్రీల వాలులో 10 సెంటీమీటర్ల గీత పైకి గీశాం. దాని పై కొస 'బి'. పుల్లను 6 సెంటీమీటర్లకు విరిచి, ఒక కొసను 'బి' దగ్గర గుండుసూదితో గుచ్చి, మెల్లగా తిప్పమన్నాను. రెండో కొస అడ్డగీతను ఒకచోట తాకింది, దాటి కిందికి పోయింది, మళ్లీ పైకొస్తూ ఇంకోచోట తాకింది. స్కేలు పెట్టి చూస్తే 'ఎ' నుంచి ఒకటి 5.3, రెండోది దాదాపు 12 సెంటీమీటర్లు. అదే కోణం, అవే భుజాలు, త్రిభుజాలు మాత్రం రెండు!

'బి' నుంచి అడ్డగీతకు లంబదూరం 10 × సైన్ 30. సైన్ 30 విలువ సగం కాబట్టి అది 5. పుల్ల అంతకన్నా పొట్టిదైతే గీత అందనే అందదు. సరిగ్గా 5 అయితే ఒక్కచోటే ఆనుతుంది. 5కీ 10కీ మధ్య ఉంటేనే ఈ చిక్కు. 10 దాటితే రెండో తాకుడు 'ఎ'కి అవతల పడి, అక్కడ కోణం 150 అయిపోతుంది కాబట్టి అది లెక్కలోకి రాదు. 'ఎ' దగ్గర లంబకోణమే ఉంటే రెండు తాకుళ్లూ చెరోవైపు సమానదూరంలో పడతాయి, అద్దంలో బొమ్మల్లా. లంబకోణం, దాని ఎదుటి భుజం (కర్ణం), ఇంకో భుజం సమానమైతే చాలనే లంబకోణం-కర్ణం-భుజం నియమం చెల్లేది అందుకే.

తర్వాత డాబా ఎక్కి పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కొండ చూపించాను. 1802 ఏప్రిల్ 10న బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ త్రిభుజాలతో భూమి కొలత మొదలుపెట్టింది ఆ కొండ దగ్గరే. మొదటి త్రిభుజానికి భుజంగా సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను గొలుసుతో కొలిచాడు. ఆపైన ముఖ్యమైన పని కోణాలదే. అందుకు వాడిన పెద్ద థియోడలైట్ (కోణాలు కొలిచే దుర్భిణి పరికరం) బరువు అర టన్ను! రేఖ రెండు కొసల నుంచీ దూరపు గుర్తును చూసి కోణాలు కొలిస్తే, అది కోణం-భుజం-కోణం. రెండు చూపులూ ఒక్కచోటే కలుస్తాయి, మూడో మూల ఎటూ కదల్లేదు. అలా లెక్కగట్టిన భుజమే పక్క త్రిభుజానికి ఆధారరేఖ. ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ ఆ త్రిభుజాలు హిమాలయాల దాకా వెళ్లాయి.