వేదిక మీద ఎన్ని కుర్చీలు? సంగీత సభల కార్యవర్గాల గురించి అపోహలు - వాస్తవాలు

ఆమధ్య కచేరీ అయ్యాక సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం మెట్ల దగ్గర ఒకాయన నన్ను ఆపారు. "ఏటండీ సెక్రటరీ గారూ, ఎన్నేళ్లయినా మీరే కనిపిస్తారు. గిట్టుబాటు బాగానే ఉన్నట్టుంది!" నవ్వుతూనే అన్నారు, నేనూ నవ్వేశాను. అప్పటికి నా చేతిలో పూలవాడి బిల్లు, హాలువాళ్లకు అప్పజెప్పాల్సిన గది తాళం, మృదంగం ఆయన మర్చిపోయిన కండువా ఉన్నాయి.

బ్యాంకులో పనిచేసి రిటైరయినవాణ్ణి. విశాఖలో ఓ మోస్తరు సంగీత, నృత్య సభకు, అంటే కచేరీలు పెట్టే సంస్థకు, మొదట కోశాధికారిగా, తర్వాత కార్యదర్శిగా కలిపి 14 ఏళ్లు చేశాను. ఇంకా చేస్తున్నాను. ఈ 14 ఏళ్లలో పదే పదే విన్న మాటలకు నాకు తెలిసిన జవాబులివి.

అపోహ: అధ్యక్షుడు ఎంత చెబితే అంత.

ఆహ్వాన పత్రిక చూసినవాళ్లకి అలాగే అనిపిస్తుంది. పైన గౌరవాధ్యక్షులు, వారి కింద ముఖ్య పోషకులు, ఆ తర్వాత అధ్యక్షులు, నలుగురు ఉపాధ్యక్షులు. కార్యదర్శి పేరు అట్టడుగున, ప్రింటింగ్ ప్రెస్ పేరుకు కాస్త పైన ఉంటుంది. కానీ ఎవరి అధికారం ఎంతన్నది చెప్పేది సంస్థ నియమావళి, అంటే మనం బైలాస్ అనే ఆ పది పేజీల కాగితాలు. మామూలుగా అందులో అధ్యక్షుడి పని సమావేశాన్ని నడపడం, ఓట్లు సమానంగా చీలితే తన ఓటుతో తేల్చడం. ఉత్తరాలు, హాలు బుకింగ్, కళాకారులతో మాటలు కార్యదర్శివి. లెక్కలు కోశాధికారివి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు పడాలి. గౌరవాధ్యక్షుడికి నియమావళిలో ఓటు రాసి ఉంటేనే ఓటు, లేకపోతే శాలువా వరకే.

ఇక అసలు నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయో ఒకటి చెబుతాను. ఓ ఏడాది మే నెలలో గాత్ర కచేరీ. మన సముద్రపు గాలి సంగతి తెలిసిందేగా, తేమకు మృదంగం చర్మం సడలి శ్రుతి దిగుతుంది. గ్రీన్‌రూములో కష్టపడి శ్రుతి చేసుకుని వేదికెక్కితే, ఏసీ చల్లగాలి తగిలి మళ్లీ మారింది. మృదంగం ఆయన రాయితో కొట్టుకుంటూ, ఏసీ తగ్గించమని నాకు సైగ చేశారు. గాయని గారు గొంతు పట్టుకుని చూపించారు. తగ్గించాను. మూడు నిమిషాల్లో మొదటి వరసలో కూర్చున్న మా పెద్ద దాత చేతిలోని ఆహ్వాన పత్రిక విసనకర్ర అయిపోయింది. ఆయన మా అధ్యక్షుడి వైపు చూశారు, అధ్యక్షుడు నా వైపు చూశారు. నేను హాలు ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి, వేదిక మీదికి గాలి కొట్టేది ఆపి, ముందు వరసల మీదిది ఉంచమన్నాను. దానికి తీర్మానం లేదు, ఓటింగు లేదు. సభను నడపడమంటే ముప్పాతిక వంతు ఇదే.

అపోహ: సంస్థ పెట్టినవాళ్లదే సంస్థ.

మన రాష్ట్రంలో ఇలాంటి సభలకు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు కావాలి. ఒక్కసారి రిజిస్టరయ్యాక స్థాపించినాయన కూడా సభ్యుల్లో ఒకరే. కార్యవర్గాన్ని ఎన్నుకునేది సర్వసభ్య సమావేశం. రేపు సంస్థను మూసేయాల్సి వచ్చినా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడం కుదరదు. "మా నాన్నగారు పెట్టిన సభ, నేను చూసుకుంటాను" అనే మాట ప్రేమతో అన్నదే కావచ్చు, చట్టంలో దానికి చోటు లేదు. నాకు తెలిసిన సభల్లో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుని చాలా బాధపడ్డారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది.

అపోహ: కళాకారులే సభలు నడపాలి. గుమాస్తాలకీ బ్యాంకువాళ్లకీ సంగీతం ఏం తెలుసు?

ఇది నా ముఖం మీదే అన్నారు, అదీ మా కార్యవర్గ సమావేశంలోనే. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. రాగం పేరు తప్పుగా అచ్చేసిన కరపత్రం నా హయాంలోనూ ఒకసారి వెళ్లింది.

కానీ చరిత్ర చూడండి. 1928లో మద్రాసులో మ్యూజిక్ అకాడమీ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు యు. రామారావు డాక్టరు. కార్యదర్శి బాధ్యతలు మోసిన ఇ. కృష్ణయ్యర్ లాయరు. దేవదాసీల నాట్యాన్ని చూడ్డమే తప్పని పెద్దమనుషులు అనుకునే రోజుల్లో, 1931లో అకాడమీ తరఫున ఆ నాట్య ప్రదర్శన పెట్టించడం వెనుక ఆయన పట్టుదల ఉంది. ఆయన స్వయంగా ఆ నాట్యం నేర్చుకున్న మనిషి కూడా, అది వేరే విషయం. ఇటు మన పక్కన విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, 1936లో ఆ కుర్చీలోకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వచ్చారు. కళాకారులు నడిపితే ఎంత గొప్పగా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే ఆ కళాశాల వెనుక సంస్థానం ఉంది. మా సభ వెనుక ఉన్నది ఒక రసీదు పుస్తకం.

కార్యవర్గంలో కళాకారులు ఉండాలి. మాకు ముగ్గురున్నారు. ఎవరిని పిలవాలి, ఏ పిల్లవాడు వేదికకు సిద్ధమయ్యాడు, ఏ పక్కవాద్యం ఎవరికి నప్పుతుంది అన్నది వాళ్లే చెప్పగలరు. తంటా ఎక్కడొస్తుందంటే, చర్చకొచ్చిన పేరు వాళ్ల శిష్యురాలిదైనప్పుడు. అందుకని మేమొక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి శిష్యుల పేరో, ఇంట్లోవాళ్ల పేరో వస్తే వాళ్లు లేచి వరండాలోకి వెళ్లాలి. వెళ్లినట్టు సమావేశపు మినిట్స్ పుస్తకంలో రాస్తాం. మొదటిసారి మా వీణ టీచరమ్మ గారు చాలా నొచ్చుకున్నారు. "నన్ను బయటికి పంపుతారా?" అన్నారు. ఇప్పుడు ఆవిడే "నేను వరండాలోకి వెళ్తున్నాను, టీ అటు పంపించండి" అని లేస్తారు. ఆ మొదటిసారి వరండాకు వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి, మా అన్నయ్య మనవరాలు కూచిపూడి నేర్చుకుంటోంది.

ఇందులో మర్యాద ఒక్కటే కాదు, పన్ను సంగతీ ఉంది. ఆదాయపు పన్ను మినహాయింపు పొందే సంస్థ తన నిర్వాహకులకో, వాళ్ల బంధువులకో మామూలు కంటే ఎక్కువ ముట్టజెబితే ఆ మినహాయింపుకే ఎసరు వస్తుంది.

అపోహ: అందరూ మనవాళ్లే, ఎన్నిక ఏకగ్రీవం. ఇంక కాగితాలెందుకు?

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇందులో మేమే దెబ్బతిన్నాం.

ఏటా కార్యవర్గ సభ్యుల జాబితాను సొసైటీల రిజిస్ట్రారుకు, అంటే మనకైతే జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చేయాలి. మేము మూడేళ్లు చేయలేదు. గొడవల్లేవు కదా అనుకున్నాం. అప్పుడు మా పాత కార్యదర్శి గారు హఠాత్తుగా పోయారు. మరో రెండు వారాల్లో వయొలిన్ కచేరీ. సహాయ కార్యదర్శికి బాధ్యత అప్పగిస్తూ తీర్మానం చేసుకుని, సంతకం మార్చమని బ్యాంకుకి వెళ్లాం. రిజిస్ట్రారు ధ్రువీకరించిన తాజా జాబితా తెమ్మన్నారు. నేను అదే వృత్తిలో ఉన్నవాణ్ణి, కౌంటరు అవతల నేనున్నా అదే అడిగేవాణ్ణి. ఖాతాలో డబ్బుంది, తీసే దారి లేదు.

కచేరీ రోజున కార్యవర్గం తొమ్మిదిమందీ జేబులు తడుముకున్నారు. ఒకరు అయిదువందల నోట్లు, ఒకరు వందలు, కోశాధికారినైన నేను ఏటీఎమ్‌లో వచ్చినంత. వయొలిన్ విద్వాంసుడు ఆ రాత్రి బండికే వెళ్లాలి. తాంబూలంతో పాటు సంభావన కవరు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్లతో నొక్కి చూసి, "ఇంత లావు కవరు ఈమధ్య ఎవరూ ఇవ్వలేదండీ" అన్నారు. సగం వంద నోట్లేనని చెప్పలేక, స్టేషన్‌కి ఆటో పిలిచాను.

మాది తేలిగ్గా పోయింది. జాబితా దాఖలు చేయని సభలో రెండు వర్గాలు పుడితే ఇద్దరు కార్యదర్శులు, రెండు రసీదు పుస్తకాలు, రెండు వార్షికోత్సవాలు తయారవుతాయి. అలాంటి తగాదా తేలాలంటే మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, లేదా జిల్లా కోర్టుకు. ఈలోపు హాలు అడ్వాన్సు ఎవరు కడతారు?

కాగితాల గురించే ఇంకో మాట. రికార్డులు కార్యదర్శి ఇంట్లో భద్రంగా ఉంటాయన్నది మా మరో నమ్మకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ నమ్మకాన్ని ఊడ్చేసింది. పెదవాల్తేరులో కార్యదర్శి గారింటి కిటికీ అద్దాలు పగిలి, దాని కిందే పెట్టిన పెట్టెలోకి వాన దిగింది. సభ్యుల రిజిస్టరు పేజీలు అట్టలా అతుక్కుపోయాయి. మినిట్స్ పుస్తకంలో నీలం సిరా పాకి, తీర్మానాలన్నీ మేఘాల్లా తయారయ్యాయి. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. డాబా మీద ఎండలో ఒక్కో కాగితాన్నీ రాయి పెట్టి ఆరబెట్టాం. చిత్రమేమిటంటే, సన్మానాల ఫొటోలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటికి లామినేషన్ చేయించి ఉంచారు మరి! నియమావళి నకలు రిజిస్ట్రారు ఆఫీసు నుంచి తెచ్చుకున్నాం కానీ, సభ్యుల జాబితాను ఇల్లిల్లూ తిరిగి మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి కాగితం స్కాన్ అయి సంస్థ మెయిల్లో, ఆడిటరు దగ్గర, కోశాధికారి దగ్గర ఉంటుంది.

అపోహ: ఇన్ని పెద్ద కంపెనీలున్న ఊళ్లో సభలకు డబ్బుకేం కొదవ?

స్టీల్ ప్లాంటు, పోర్టు, రిఫైనరీ అని వేళ్ల మీద లెక్కపెడతారు. కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో దాటిన కంపెనీ, అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో సంప్రదాయ కళలూ ఉన్నాయి, నిజమే. కానీ ఆ డబ్బుతో కంపెనీ తరఫున పని చేయాలంటే బయటి సంస్థకు ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, కంపెనీల శాఖ దగ్గర మరో రిజిస్ట్రేషన్, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపించాలి. ఇవన్నీ ఉన్నా ఆ బల్ల మీద మన దరఖాస్తు పక్కన బడి మరుగుదొడ్ల దరఖాస్తు ఉంటుంది. నేను ఆ కుర్చీలో ఉంటే ఏది ముందు తీస్తానో నాకే తెలుసు.

అందుకని బండి నడిచేది చిన్న దాతలతోనే. వాళ్లకూ ఒక అపోహ ఉంది: విరాళానికి పన్ను తగ్గింపు రసీదు ఉంటే ఇచ్చిందంతా పన్నులో వెనక్కి వస్తుందని. మాలాంటి సంస్థకు 10,000 ఇస్తే 5,000 వరకు ఆదాయంలోంచి తగ్గుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్నాయనకు మిగిలేది 1,500 పైచిలుకు. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే, కొత్త విధానంలో ఏమీ లేదు. 2,000 దాటి నగదుగా ఇస్తే అసలు లెక్కలోకే రాదు. ఇది ముందే చెబితే దాతలు తగ్గుతారని మా వాళ్లకి టెన్షన్. చెప్పాం. తగ్గినవాళ్లు ఒకరిద్దరే.

మెట్ల దగ్గర ఆయన అడిగిన గిట్టుబాటుకు జవాబు కూడా ఇక్కడే చెప్పాలి. మా కార్యవర్గంలో ఎవరికీ జీతం లేదు. పెట్రోలు బిల్లులకు ఒక పద్దు ఉంది, సిగ్గుపడి ఎవరూ రాయరు. నిజానికి రాయాలి. రాయకపోతే ఒక్క కచేరీకి నిజంగా ఎంతవుతుందో తర్వాత వచ్చే కార్యవర్గానికి తెలియదు.

అపోహ: శాస్త్రీయ సంగీతానికి కాపీరైట్ ఉండదు.

త్యాగరాజ స్వామి 1847లో సిద్ధి పొందారు, ఆ కృతులకు లేదు. బాలమురళీకృష్ణ గారు పోయింది 2016లో. రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి కాబట్టి ఆయన తిల్లానాలు ఇంకా చాలాకాలం ఆ పరిధిలోనే. టికెట్ పెట్టే ముందు, వీడియో ఎక్కించే ముందు కార్యదర్శి ఈ లెక్క చూసుకోవాలి.

అపోహ: వేదిక మీద ఎంతమంది పెద్దలుంటే సభకు అంత గౌరవం.

ఒక వార్షికోత్సవంలో మేము వేదిక మీద పదకొండు కుర్చీలు వేశాం. జ్యోతి ప్రజ్వలనకు అయిదు వత్తులు, పదకొండుమంది పెద్దలు. అందరికీ కొవ్వొత్తి అందేసరికి మొదటి వత్తి కొండెక్కింది. ప్రసంగాలకు తలా మూడు నిమిషాలని చెప్పాం. నృత్యం చేయాల్సిన పిల్లలు ఆరింటి నుంచీ గజ్జెలు కట్టుకుని వేదిక పక్క తెరల వెనకాల నిలబడ్డారు. ఎనిమిదింటికి ఒక పాప అక్కడే గోడకానుకుని నిద్రపోయింది, కళ్ల కాటుక చెంప మీదికి కారింది. వాళ్లమ్మ నన్నేమీ అనలేదు. గ్లాసుడు మంచినీళ్లు అడిగి, పాప ముఖం తుడిచి, కాటుక మళ్లీ దిద్దింది.

తర్వాతి కార్యవర్గ సమావేశంలో నేనొక తీర్మానం పెట్టాను: వేదిక మీద నాలుగు కుర్చీలు, కార్యక్రమం ముందు పది నిమిషాలు, సన్మానాలేమైనా ఉంటే కచేరీ మధ్యలో కాకుండా చివర. గంటన్నర వాదన జరిగింది. ఇద్దరు ఉపాధ్యక్షులు వ్యతిరేకించారు, ఒకరు తటస్థం. అయిదుకు రెండుతో నెగ్గింది. అధ్యక్షుడి ఓటు అవసరం రాలేదు కానీ, ఆయన సంతకం పెడుతూ "నా కుర్చీ ఆ నాలుగింట్లో ఉందా?" అని అడిగారు.

ఉంది. మూడోది.