నానమ్మకు నీళ్లే ఎందుకు పొలమారతాయి?

చిరంజీవులు మనవలకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవులకు వచ్చి వెళ్లాక మీలో చిన్నది ఫోన్ చేసి అడిగింది. "తాతయ్యా, నానమ్మ రాగిజావ చక్కగా తాగుతుంది. నీళ్లు తాగితే దగ్గుతుందేం? నీళ్లే కదా తేలిగ్గా దిగాలి?" అని. ఆసుపత్రిలో నేనూ అదే అడిగాను తల్లీ. ఫోన్లో తేలే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను.

మా చిన్నప్పుడు బడికి వెళ్లాలంటే గుడివాడ వెళ్లే రైలు పట్టాలు దాటాలి. అక్కడ ఒక గేటు. గేట్‌మేన్ గదిలో ఫోన్ మోగగానే ఆయన బయటికొచ్చి చక్రం తిప్పేవాడు. "గేటు పడింది" అని ఎవరో అరిచేవారు. ఎడ్లబండ్లు, సైకిళ్లు, గడ్డిమోపులు మోసుకెళ్లే ఆడవాళ్లు అందరూ ఆగేవాళ్లు. గూడ్సు వస్తే మాకు పండగే. పెట్టెలు లెక్కపెట్టి, లెక్క కుదరక బడిదాకా పోట్లాడుకుంటూ పోయేవాళ్లం.

మన గొంతులోనూ అలాంటి గేటే ఉంది. ముక్కులోంచి వచ్చే గాలీ నోట్లోంచి వచ్చే అన్నమూ అక్కడ ఒకదాని దారికి ఒకటి అడ్డం వస్తాయి. గాలిగొట్టం ముందు, అన్నవాహిక వెనక. గాలి రోజంతా తిరిగే బండి. ముద్ద వచ్చినప్పుడు మాత్రం గేటు పడాలి. నాలుక ముద్దను వెనక్కి నెడుతుంది. కొండనాలుక దగ్గరి మెత్తటి అంగిలి లేచి ముక్కు దారి మూసేస్తుంది. స్వరపేటిక పైకి లేస్తుంది, దాని మీద మూత వాలుతుంది, ఊపిరి ఆగుతుంది. 30కి పైగా కండరాలు కలిసి, సుమారు ఒక్క సెకనులో ఈ పని ముగిస్తాయి.

ఆ గేట్‌మేన్ ఉండేది మెదడులో. పక్షవాతం వచ్చినప్పుడు నానమ్మకు అక్కడే దెబ్బ తగిలింది. గేటు ఇప్పటికీ పడుతుంది, కానీ ఆలస్యంగా. నీళ్లు మెయిలు బండి లాంటివి. గేటు పడేలోపే దూసుకొచ్చి నాలుగు చుక్కలు గాలిదారిలో పడతాయి. జావ గూడ్సు బండి. నింపాదిగా వస్తుంది, గేట్‌మేన్‌కు వ్యవధి దొరుకుతుంది.

నాకు పొలమారితే మా అమ్మమ్మ నడినెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నార్రా" అనేది. ఆ మాట నాకిప్పటికీ ఇష్టం. కానీ నానమ్మ విషయంలో అలా అనుకుని ఊరుకోకూడదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు. ఒక్కోసారి దగ్గు కూడా రాదు, గొంతు మాత్రం తడితడిగా గరగరమంటుంది. అందుకే నేను నాలుగు చెంచాలకోసారి, "ఏదీ, పిల్లల పేర్లు చెప్పు" అంటాను. వరసగా మీ పేర్లు చెబుతుంది. గొంతు తేటగా ఉంటే ఇంకో చెంచా.

మొదట్లో ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంతోనే ఆహారం ఎక్కించారు. తర్వాత మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టే వచ్చి గుటక వేయడం కూడా నేర్పింది. నిటారుగా కూర్చోవాలి, గడ్డం కాస్త దించాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు, నోరు శుభ్రంగా ఉంచుకోవాలి. నీళ్లలో కూడా చిక్కబరిచే పొడి కలిపి ఇస్తున్నాం. దాహమంటోందని జాలిపడి మీరు గ్లాసు నోటికి అందించకండి నాన్నా. నన్ను పిలవండి.

మింగుడుపడకపోవడానికి గేటు ఒక్కటే కారణం కాదు. అన్నవాహిక జానెడు మీద కాస్త, సుమారు 25 సెంటీమీటర్లు. పొట్టలోని పుల్లటి రసం ఏళ్ల తరబడి పైకి తన్నితే అది ఇరుకవుతుంది. అప్పుడు నీళ్లు దిగుతాయి, అన్నం ముద్ద రొమ్ములో అడ్డం పడుతుంది. ఎండోస్కోపీతో, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం లోపలికి దింపి చూసి, బెలూన్‌తో వెడల్పు చేస్తారు. పొగాకు వల్ల అక్కడ పుట్టే కేన్సరూ అలాగే మొదలవుతుంది కాబట్టి, ముద్ద అడ్డం పడుతోందని పెద్దవాళ్లెవరన్నా అంటే వెంటనే డాక్టరు దగ్గరికి పంపించండి. కొందరికి అన్నవాహిక అడుగున, పొట్ట దగ్గరి తలుపే తెరుచుకోదు. 1674లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు అలాంటి రోగికి, తిమింగలం నుంచి తీసిన వంగే పుల్ల చివర స్పాంజి కట్టి ఇచ్చాడు. ఆ రోగి దాంతోనే అన్నం పొట్టలోకి నెట్టుకుంటూ ఏళ్ల తరబడి బతికాడు! ఎంత ఓపికో చూడండి.

ఇప్పుడు గొంతు మీద రెండు వేళ్లు ఆనించి గుటక వేయండి. ముడిలాంటిది పైకి లేచి దిగుతుంది చూశారా? గేటు పడడమంటే అదే. సంక్రాంతికి వచ్చినప్పుడు నానమ్మ పక్కన కూర్చుని ఆమె గొంతు చూడండి. అది లేచి దిగాకే రెండో చెంచా పెట్టండి.

ఇట్లు,
మీ తాతయ్య