ప్రిన్స్ ఆఫ్ పర్షియా గొడవ పుణెలో మొదలవలేదు, 2004లో మొదలైంది

2026 జనవరిలో యూబిసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' వీడియో గేమ్ సిరీస్‌లోని 2003 నాటి 'శాండ్స్ ఆఫ్ టైమ్'ని మళ్ళీ కొత్తగా తీస్తున్న రీమేక్‌ని రద్దు చేసిన దగ్గర్నుంచి వైజాగ్‌లో పాత గేమర్లు ఇద్దరు కలిస్తే చాలు, అదే పంచాయితీ. ఎంవీపీ కాలనీ గేమింగ్ కెఫేలో మొదలై బీచ్ రోడ్డు టీ బండి దాకా సాగుతోంది. ఒక వర్గం మాట సూటిగా ఉంటుంది: పుణె, ముంబయి స్టూడియోలకిచ్చారు, మనవాళ్ళు చెడగొట్టారు. రెండో వర్గానికి మెత్తటి 'శాండ్స్' మీదే ఆసక్తి లేదు, రీమేక్ చేస్తే దాని తర్వాతి భాగం 'వారియర్ వితిన్' చేయాలి అంటారు. ఈ రెండో మాట దగ్గరే అసలు కథ ఉంది.

1989 నాటి తొలి ఆట, దాన్ని సృష్టించిన జోర్డన్ మెక్‌నర్ తమ్ముణ్ణి పరిగెత్తించి వీడియో తీసి ఆ కదలికల్ని బొమ్మలుగా గీసుకోవడం, అదంతా అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

2003లో వచ్చిన 'శాండ్స్ ఆఫ్ టైమ్' మన దేశంలోనే మొదలవుతుంది. పర్షియా సైన్యం దారిలో ఒక మహారాజు కోటని దోచుకుంటుంది, యువరాజు అక్కడ ఇసుకతో కాలాన్ని వెనక్కి తిప్పే బాకు కొట్టేస్తాడు, మహారాజు కూతురు ఫరా బందీ అవుతుంది. తర్వాత ఆటంతా యువరాజు ఎవరికో చెబుతున్న కథ. మీరు గోడ మీద పరిగెత్తుతూ కాలు జారి చచ్చారనుకోండి, 'లేదు లేదు, అలా జరగలేదు' అని అతని గొంతు వినిపిస్తుంది, మళ్ళీ మొదలవుతుంది. చావుని కూడా కథలో కలిపేసిన ఆ చిన్న తెలివి ఈ సిరీస్‌లో మళ్ళీ అంత బాగా కుదరలేదు. ఫైటింగ్ మాత్రం బలహీనం, ఒప్పుకోవాల్సిందే. ఇసుక భూతాలు చుట్టూ చేరడం, వాళ్ళ మీంచి దూకి నరకడం, బాకుతో గుచ్చడం, చివరిదాకా అంతే. కథ చివర్లో ఫరాని కాపాడుకుంటూ లిఫ్ట్‌లో చేయాల్సిన ఫైట్‌ని ఇప్పటికీ తిట్టుకోని వాళ్ళు లేరు.

ఇక 2004. ఫైటింగ్ బాలేదన్న విమర్శకి జవాబు చెప్పబోయి మనిషినే మార్చేశారు. 'వారియర్ వితిన్'లో రెండు చేతులా ఆయుధాలొచ్చాయి, శత్రువుని పట్టుకుని విసిరేయొచ్చు, గొంతు నులమొచ్చు, అదంతా నిజంగా బాగుంది. ఒకే కోటని గతంలోనూ వర్తమానంలోనూ తిప్పించడం, దహాకా అనే భూతం తరుముతుంటే వచ్చే టెన్షన్, వీటికి ఎవరూ వంక పెట్టలేరు. కానీ తూర్పు దేశపు తీగ వాద్యాలు పోయి హెవీ మెటల్ వచ్చింది, చిలిపి యువరాజు పోయి బూతులు తిట్టే గడ్డపాయన వచ్చాడు, గొంతు ఇచ్చిన నటుడు కూడా మారాడు. ఆ కళా దృష్టీ, ఆ హింసా తనకి నచ్చలేదని మెక్‌నరే బాహాటంగా చెప్పాడు. పైగా తిరిగిన దారులే తిరగాలి, అసలు ముగింపు చూడాలంటే ప్రాణాన్ని పెంచే తొమ్మిది అప్‌గ్రేడ్లూ వెతికి పట్టుకోవాలి.

మన ఊళ్ళో దీనికి అభిమానులు ఎక్కువవడానికి ఒక కారణం వయసు. అప్పట్లో ద్వారకా నగర్ నెట్ సెంటర్లలో ఆడినవాళ్ళంతా ఇంటర్, బీటెక్ కుర్రాళ్ళు, రక్తం కనిపిస్తే చాలు వాళ్ళకి. ఇంట్లో పీసీ ఉన్నా లాభం లేదు, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీద ఈ ఆటలు లేవవు, జీఫోర్స్ 4 ఎంఎక్స్ కార్డు కొనుక్కున్నవాడు కూడా 'శాండ్స్' సపోర్ట్ చేయదని తెలిసి తల పట్టుకునేవాడు. త్రీడీ ఎనలైజ్ అనే టూల్‌తో కార్డుని మభ్యపెట్టి నడిపిస్తే తెర సగం నల్లగా వచ్చినా ఆడేవాళ్ళం.

అదే కాలంలో రెండో సంగతి జరిగింది, నా లెక్కలో ఇదే పెద్దది. 'శాండ్స్'ని నడిపించిన పాట్రిస్ దెసిలే కొత్త కన్సోళ్ళ కోసం తర్వాతి ప్రిన్స్ ఆట మొదలుపెట్టాడు, అందులో హీరో యువరాజు కాదు, అతన్ని కాపాడే హంతకుడు. యువరాజు హీరో కాని ప్రిన్స్ ఆటేమిటని పైవాళ్ళు ఒప్పుకోలేదు. అది పేరు మార్చుకుని 2007లో 'అసాసిన్స్ క్రీడ్' అయింది, కంపెనీ డబ్బూ దృష్టీ అటు మళ్ళాయి.

మిగిలిందంతా దిద్దుబాట్లే. 2005లో 'టూ థ్రోన్స్' పాత గొంతుని వెనక్కి తెచ్చి, కోపిష్టి యువరాజుని అతని లోపలే ఇంకో మనిషిగా పెట్టి ఇరు వర్గాలకీ సర్దిచెప్పింది. చాటుగా వెళ్ళి చంపే పద్ధతి బాగుంటుంది, రథాల రేసు విసుగు. 2008 ఆట చూడ్డానికి పెయింటింగే, కానీ పడిపోతే హీరో వెంట ఉండే ఎలికా చెయ్యందించి లేపుతుంది కాబట్టి భయం ఉండదు. 2010లో సినిమాతో పాటు 'ఫర్‌గాటెన్ శాండ్స్' అని మళ్ళీ ఇసుకకే వచ్చారు.

ఇప్పుడు రీమేక్ లెక్క చూడండి. 2020 సెప్టెంబరులో ప్రకటించారు, ట్రైలర్‌లో యువరాజు మొహం ప్లాస్టిక్ బొమ్మలా ఉందని అందరూ ఎక్కిరించారు, అందులో అబద్ధం లేదు. 2021 జనవరి అన్నది మార్చికి పోయింది, తర్వాత తేదీ చెప్పకుండా వాయిదా వేశారు. 2022 మేలో మాంట్రియల్‌కి అప్పగించారు, అంటే 'శాండ్స్' పుట్టిన స్టూడియోకే. అక్కడ మూడున్నరేళ్ళు దాటినా బయటికి రాలేదు. మరి పుణె మీద పడి ఏడవడం ఏంటి? ఏ యువరాజు కావాలో కంపెనీకే 2004 నుంచి తెలియదు.

ఇంకో విచిత్రం. 2024లో మాంపెలియే స్టూడియో చేసిన 'ది లాస్ట్ క్రౌన్'లో హీరో సర్గాన్, ఎత్తుకుపోయిన యువరాజుని వెతుక్కుంటూ వెళ్ళే యోధుడు. అప్పుడు దెసిలేకి కుదరదన్నది ఇరవై ఏళ్ళకి వాళ్ళే చేశారు, విమర్శకులు మెచ్చుకున్నారు. ఆ ఏడాదే ఆ టీమ్‌ని వేరే ప్రాజెక్టులకి పంచేశారు.

రీమేక్ కోసం ఆగినవాళ్ళకి 2003 ఒరిజినలే గతి. స్టీమ్‌లో దొరుకుతుంది, వైడ్‌స్క్రీన్‌కి అభిమానులు చేసిన ఫిక్స్ వేసుకోండి, లిఫ్ట్ ఫైట్‌కి ముందు బాకులో ఇసుక నింపుకోండి.