అల్లిక రెక్కల పురుగుకు ఇన్ని పేర్లు ఎందుకొచ్చాయి?

గోధుమ రంగు అల్లిక రెక్కల పురుగుల (బ్రౌన్ లేస్‌వింగ్‌ల) శాస్త్రీయ నామాల గొడవ మళ్లీ రాజుకుంది. పేనుబంకను తినేస్తాయని పంటల్లో వీటిని వదిలేవాళ్లు పేర్లు మార్చడం ఆపమంటున్నారు, పాత రికార్డులు వెతకడం కష్టమవుతోందంటున్నారు. వాళ్ల ఇబ్బంది నిజమే. శాస్త్రీయ నామాల పద్ధతికి ఆద్యుడైన లిన్నేయస్ 1758లో వీటి ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) హెమెరోబియస్ అని పేరు పెట్టిన దగ్గర్నుంచి చెప్పుకురావడం మాత్రం అనవసరం.

నా లెక్కలో అసలు మలుపు 1936-37. బ్రిటన్‌లోని ఈ వర్గం పురుగుల మీద కీటక శాస్త్రజ్ఞుడు కిల్లింగ్టన్ రాసిన రెండు సంపుటాలు అప్పుడే వచ్చాయి. మగ పురుగు జననాంగాలు చూసిన మొదటి మనిషి ఆయనేమీ కాదు, కానీ ఆ తర్వాత రెక్కల మీది మచ్చలు చూసి జాతి తేల్చేస్తే నమ్మేవాళ్లు తగ్గిపోయారు. పొట్ట చివర కోసి కాస్టిక్ పొటాష్ అనే ఘాటైన క్షారంలో నానబెడితే మెత్తటి కండ కరిగిపోయి గట్టి భాగాలు మిగులుతాయి, వాటి ఆకారమే గుర్తు. హెమెరోబియస్ హ్యుములినస్, హెమెరోబియస్ లుటెసెన్స్ అనే రెండు జాతుల రెక్కలు చూస్తే ఒకేలా ఉంటాయి, మగవాటి పొట్ట చివర చూస్తే తేడా తెలుస్తుంది. ఆడవాటిలో తేల్చడం ఇంకా కష్టం. మరి పాత పేరుకు ఆధారమైన నమూనా ఆడదైతేనో, పొట్ట ఊడిపోయిన మగదైతేనో? పర్యాయ నామాల (ఒకే జాతికి పడిన వేర్వేరు పేర్ల) చిక్కు చాలావరకు అక్కడే పుట్టింది.

పేనుబంక కోసం వాడే మైక్రోమస్ ఆంగులేటస్ అనే జాతినే తీసుకోండి. ఆంగులేటస్ అనే పేరు కీటక శాస్త్రజ్ఞుడు స్టీఫెన్స్ 1836లో పెట్టాడు. గత శతాబ్దం నడుమ వచ్చిన రచనల్లో ఇదే పురుగు ఆఫిడివోరస్ పేరుతోనూ కనిపిస్తుంది, అది ప్రకృతి శాస్త్రజ్ఞుడు ష్రాంక్ 1781లో పెట్టిన పేరు. ముందు పెట్టిన పేరుదే హక్కు అనేది మామూలు నియమం, కాబట్టి ఏడాది ఒక్కటే చూస్తే ష్రాంక్‌దే గెలవాలి, అయినా ఇప్పుడు నిలిచింది ఆంగులేటస్. పాత వర్ణన ఫలానా పురుగుదేనని తేలకపోతే ముందు పుట్టినంత మాత్రాన ఆ పేరుకు హక్కు రాదు.

వాడుకలో ఉన్న పేరునే ఉంచేయొచ్చు కదా అనేవాళ్లు 2000లో అమల్లోకి వచ్చిన, జంతువుల శాస్త్రీయ నామాల అంతర్జాతీయ నియమావళిని చూపిస్తారు. ముందు పుట్టిన పేరును 1899 తర్వాత ఎవరూ సరైన పేరుగా వాడకుండా ఉండి, తర్వాతి పేరును గత 50 ఏళ్లలో కనీసం 10 మంది రచయితలు 25 రచనల్లో వాడి ఉంటే ముందుదాన్ని పక్కన పెట్టొచ్చు. కానీ ఆఫిడివోరస్‌ను 1899 తర్వాత కూడా వాడారు కాబట్టి ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది.

అందుకే పొట్ట కోసి చూసేవాళ్ల వైపే నేను. పాత రికార్డులో ఏ పేరున్నా సరే, ఆ పురుగును ఆల్కహాల్‌లో దాచి ఉంటే ఇవాళైనా తీసి చూడొచ్చు. పేరు రాసుకుని పురుగును పారేసిన చోట పేరు మారినా, మారకపోయినా అది ఏ జాతో చెప్పలేం.