దోమపాట, దాని వరుస

పర్లాకిమిడి,
గజపతి జిల్లా.

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు, మన వీధిలోని వారి నేస్తాలకు తాతయ్య ఆశీస్సులు.

ఒక సినిమా ప్రేమపాట వరుస (బాణీ) మీద మీరు కట్టిన దోమపాట వీడియోను నాలుగుసార్లు చూశాను. చిన్నది దోమతెరను పెళ్ళికూతురి మేలిముసుగులా కప్పుకొని నడిచి వచ్చిన చోట మీ నానమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. బడిలో ఒడియా చదివే పిల్లలు తెలుగులో ఇంత చక్కగా ప్రాస కుదర్చడం నాకు గర్వంగానే ఉంది. అయితే ఇంటర్నెట్‌లో పెట్టిన మర్నాడే కాపీరైట్ పేరు చెప్పి దానిని తీసివేశారని, "మాటలన్నీ మావే, ఇది పేరడీ కదా!" అని మీరు అలిగి కూర్చున్నారని మీ నాన్న చెప్పాడు.

మీరు మార్చింది మాటలను మాత్రమే. సినిమా పాటలో సాహిత్యం ఒకటి, వరుస మరొకటి, పాడించి ముద్రించిన రికార్డింగు ఇంకొకటి. మన 1957 నాటి కాపీరైట్ చట్టం ఈ మూడింటినీ మూడు వేర్వేరు సొత్తులుగా చూస్తుంది. మీరు ఫోనులోకి దింపుకొన్న కరోకే ట్రాకు కూడా ఎవరో డబ్బు పెట్టి వాయించినదే. ముప్పై సెకన్ల లోపు వాడుకుంటే ఫరవాలేదని మీకెవరో చెప్పారట. ఆ లెక్క చట్టంలో ఎక్కడా లేదు. నా చిన్నతనంలో పాటల పుస్తకాల్లో పాట నెత్తిన "ఫలానా పాట వరుస" అని దర్జాగా అచ్చువేసేవారు. ఎవరూ వచ్చి అడగలేదు గనుక అది మన హక్కేనని మేమూ అనుకున్నాం.

ఇక పేరడీ సంగతి. ఆ మాటే మన చట్టంలో లేదు. విమర్శ కోసం, సమీక్ష కోసం ఒక రచనను న్యాయమైన మేరకు వాడుకోవచ్చని 52వ సెక్షను చెబుతుంది కనుక, పేరడీ ఆ గుమ్మంలోంచే లోపలికి రావాలి. మలయాళంలో తోప్పిల్ భాసి రాసిన ప్రసిద్ధ నాటకానికి సివిక్ చంద్రన్ ప్రతినాటకం రాసి, అందులోని పాత్రలను, కొన్ని సంభాషణలను తిరిగి వాడుకొన్నప్పుడు, 1996లో కేరళ హైకోర్టు దానిని తప్పుపట్టలేదు. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు నాటకానికి పోటీ అవుతుందా అని చూసి, ఇది విమర్శేనని తేల్చింది. అంతకు రెండేళ్ళ ముందు అమెరికా సుప్రీంకోర్టు ఒక ర్యాప్ బృందం కేసులో చెప్పిన మాట మన కోర్టులను కట్టడి చేయదు కాని, మీ పాటకు సరిగ్గా సరిపోతుంది: మూలాన్నే వెక్కిరించేవాడికి ఆ మూలం తప్పనిసరి; లోకంలో ఇంకదేన్నో వెక్కిరించేవాడు ఈ పాటే ఎందుకు ఎత్తుకున్నాడో సంజాయిషీ చెప్పుకోవాలి.

మీ నవ్వు ఎవరి మీద? దోమ మీద. ఆ ప్రేమపాట మీద కాదు. చంద్రుణ్ణి తెచ్చి కొప్పులో పెడతాననే కథానాయకుల గొప్పలను మీరు ఎగతాళి చేసి ఉంటే నేను మీ పక్షాన వాదించేవాణ్ణి. దోమకు ఏ వరుసైనా ఒకటే గదా!

పేరడీ రాసేవాడి రచనకూ ఇదే రక్షణ ఉందని మరువకండి. పేరడీకి మారుపేరైన జరుక్ శాస్త్రిగారు 1968లో కాలం చేశారు. రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కు నిలుస్తుంది గనుక, ఆయన బతికుండగా అచ్చయిన పేరడీలను 2028 ముగిసేదాకా అనుమతి లేకుండా అచ్చువేసుకోకూడదు. మన ఊళ్ళోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు పోయింది 1940లో. ఆయన రచనలు ఇప్పుడు అందరి సొత్తు.

బడి వార్షికోత్సవంలో మీరు, మీ పంతుళ్ళు కలిసి పాడే పాటలకు చట్టం మినహాయింపు ఇచ్చింది; పెళ్ళి ఊరేగింపులో మోగే పాటలకూ ఇచ్చింది. ఇంటర్నెట్‌లో పెట్టడం ఈ రెండింటిలోకీ రాదు.

మన తప్పెటగుళ్ళ వరుసల్లో తరతరాలుగా వస్తున్నవి ఎన్నో ఉన్నాయి. వాటికి యజమాని లేడు. ఎవరో చేసిన రికార్డింగును మాత్రం ఎత్తుకోకుండా మీరే పాడి, మీరే వాయించుకోండి. ఆదివారం హార్మోనియం దుమ్ము దులిపి ఉంచుతాను. రెండవ చరణంలో "కాయిల్" దగ్గర తాళం తప్పింది, దాని సంగతి కూడా అప్పుడే చూద్దాం.

ఇట్లు,
మీ తాతయ్య