మొదటి పాఠం చిటికెన వేలికి

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలు కొత్త తెల్లకోట్లు వేసుకుని మైక్రోబయాలజీ ల్యాబ్‌కి వచ్చిన రోజున అందరి చూపూ మైక్రోస్కోపుల మీదే ఉంటుంది. నేను వాటి మీద కప్పిన గుడ్డ కూడా తీయను. తలా రెండు టెస్ట్ ట్యూబులు, ఒక లూప్ ఇస్తాను. లూప్ అంటే పిడికి బిగించిన సన్నటి తీగ, కొస గుండ్రంగా చుట్టి ఉంటుంది. ట్యూబుల్లో ఉండేవి ఉత్త నీళ్ళే. ఒకదాంట్లో మాత్రం రెండు చుక్కల ఎర్రసిరా కలిపి ఉంటుంది. రెండింటికీ దూది బిరడాలు. ఎర్రనీళ్ళు లూప్‌తో కాస్త తీసి పక్క ట్యూబులో ముంచాలి. బిరడా మాత్రం బల్ల మీద పెట్టకూడదు.

వింటే ఇంతేనా అనిపిస్తుంది. చేయబోతే చేతులు చాలవు. ఎడమచేతిలో ట్యూబు ఉంది. కుడిచేతిలో పెన్సిల్ పట్టుకున్నట్టు లూప్ ఉంది. మరి బిరడా తీసేదెవరు? కుడిచేతి చిటికెన వేలు. ఆ వేలిని అరచేతిలోకి మడిచి, ఆ మడతలో బిరడాని ఇరికించి, ట్యూబుని మెల్లగా తిప్పుతూ కిందికి లాగాలి. పని అయ్యేదాకా బిరడా ఆ మడతలోనే ఉండాలి. పుట్టిన దగ్గర్నుంచి ఆ వేలికి ఎవరూ ఇంత పని చెప్పి ఉండరు. మొదటి పావుగంటలో సగం బిరడాలు నేల మీద దొర్లుతుంటాయి.

ఎందుకింత తంటా? బల్లని ఎంత తుడిచినా దాని మీద సూక్ష్మజీవులు ఉంటూనే ఉంటాయి. బిరడా అక్కడ పెట్టి మళ్ళీ ట్యూబుకి బిగిస్తే, వాటిని మన చేత్తోనే లోపలికి పంపినట్టు. బిరడా తీయగానే ట్యూబు మూతిని స్పిరిట్ ల్యాంప్ మంటలో ఒకసారి తిప్పేదీ అందుకే. మంట దగ్గర వేడెక్కిన గాలి పైకి లేస్తుంది కాబట్టి, దుమ్ము, దాన్ని పట్టుకుని వచ్చే బాక్టీరియా లోపలికి దిగడం కష్టం. ఈ పని చేస్తున్నంతసేపూ ఫ్యాన్లు ఆపేయాలి. ఏప్రిల్‌లో అది శిక్షే.

లూప్‌ని ఎర్రగా కాల్చడం అందరికీ సరదా, చల్లారేదాకా ఆగడమే ఎవరికీ చేతకాదు. వేడి లూప్‌ని కల్చర్‌లో, అంటే మనం పెంచిన బాక్టీరియా ఉన్న ద్రవంలో, ముంచితే చుయ్‌మంటుంది. అందులోని బాక్టీరియా చస్తుంది, సన్నటి తుంపర్లు గాల్లోకి లేస్తాయి. ఆ చప్పుడు వింటే చాలు, ఏ బల్ల దగ్గర ఎవరు తొందరపడ్డారో తల తిప్పకుండానే నాకు తెలిసిపోతుంది.

ఎర్రనీళ్ళతో రెండు క్లాసులు గడిచాక ప్లేట్లు ఇస్తాను. ప్లేటులో ఉండేది అగార్. సముద్రపు నాచు నుంచి తీసే ఈ పదార్థాన్నే కిరాణా కొట్లలో చైనా గ్రాస్ అని అమ్ముతారు. ఇది వంటింట్లోంచే ల్యాబ్‌లోకి వచ్చింది. 1880ల మొదట్లో బెర్లిన్‌లో రాబర్ట్ కాఖ్ బృందం బాక్టీరియాని జెలటిన్ మీద పెంచేది. జెలటిన్ వేసవి వేడికే కరిగిపోయేది, కొన్ని బాక్టీరియాలైతే దాన్నే తిని నీరు చేసేవి. ఆ ల్యాబ్‌లో పనిచేస్తున్న వాల్తర్ హెస్సే భార్య ఫానీ హెస్సేకి జెల్లీలు చేయడంలో అగార్ వాడకం తెలుసు. జావాలో ఉండి వచ్చిన పొరుగువాళ్ళ దగ్గర నేర్చుకుందట. దీన్ని వాడి చూడమని ఆమె చెప్పింది. అగార్ 40 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా గడ్డకడుతుంది, మళ్ళీ కరగాలంటే 85 దాటాలి. క్షయ బాక్టీరియా గురించి 1882లో రాసిన వ్యాసంలో కాఖ్ అగార్‌ని ప్రస్తావించాడు గానీ ఆమె పేరు చెప్పలేదు. ప్లేటుకి మాత్రం 1887లో దాని గురించి రాసిన పెట్రీ పేరు నిలిచిపోయింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆడపిల్లల బల్లల దగ్గర చిన్న గొణుగుడు వినిపిస్తుంది. వినపడనట్టు ఊరుకుంటాను, నా మనసులోనూ అదే మాట ఉంది కాబట్టి.

ప్లేటు మీద గీయడాన్ని స్ట్రీకింగ్ అంటారు. ఒక అంచున కల్చర్ రాసి, లూప్ కాల్చి చల్లార్చి, ఆ రాసిన చోటు నుంచి కొంచెం లాగుతూ రెండో వైపు గీతలు గీయాలి. మళ్ళీ కాల్చి, రెండో గీతల్లోంచి మూడో వైపుకి, అందులోంచి నాలుగో వైపుకి. ప్రతి మలుపులోనూ లూప్‌కి అంటే బాక్టీరియా తగ్గుతూ పోతుంది. చివరి గీతల్లో ఒక్కొక్కటిగా విడివిడిగా రాలి, 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి గడిచేసరికి ఒక్కోటీ ఆవగింజంత కాలనీ అవుతుంది. ఒక కాలనీలో ఉండేవన్నీ దాదాపుగా ఒకే తల్లి పిల్లలు. చెప్పడానికి ఇది నిమిషం పని. పిల్లలేమో లూప్‌ని నొక్కిపట్టి అగార్‌ని చాళ్ళు చాళ్ళుగా చీల్చేస్తారు. "పొలం దున్నుతున్నావా, గోళ్ళరంగు వేస్తున్నావా?" అని అడుగుతాను. గోళ్ళరంగు మాట వినగానే చేతులు తేలికవుతాయి.

పేరు, తేదీ మూత మీద కాదు, అడుగున రాయాలి. మూతలు మారిపోతాయి. ప్లేట్లని వెచ్చగా ఉంచే పెట్టె ఇంక్యుబేటర్. అందులో ప్లేటుని బోర్లించి పెట్టాలి. లేకపోతే మూతకి పట్టిన చెమ్మ చుక్కలుగా కాలనీల మీద పడి, విడివిడిగా ఉన్నవన్నీ కలిసిపోతాయి.

మర్నాడు ప్లేట్లు బయటికి తీసేటప్పుడు నాకు బాగా వచ్చిన వాటికంటే పాడైన వాటి మీదే ఆసక్తి. గీత మీద ఉన్న కాలనీ మనం వేసింది. గీతలకి దూరంగా, ఖాళీ జాగాలో నూగునూగుగా ఒక బూజు మచ్చ ఉందంటే, అది మూత ఎక్కువసేపు ఎత్తినప్పుడు గాల్లోంచి దిగింది. గీతల మీదే రెండు రంగుల కాలనీలు కలగలిసి ఉంటే తప్పు కల్చర్‌లోనో లూప్‌లోనో ఉంది. ఏమీ గీయకుండా పక్కన పెట్టిన ప్లేటులో కూడా పెరిగిందా, ఇక విద్యార్థిని అనేందుకేం లేదు, అగార్‌ని ఆవిరి ఒత్తిడితో శుద్ధి చేసే నా ఆటోక్లేవ్‌నే అనుమానించాలి. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నిమిషాలు అని పుస్తకంలో ఉంటుంది. లోపలి గాలి అంతా పోకముందే వాల్వ్ మూసేస్తే ముల్లు 15 చూపిస్తున్నా వేడి 121కి చేరదు. ఒకసారి ఆ తప్పు నేనే చేశాను. ముప్పై ప్లేట్లు పారేశాం.

మట్టిలో బాక్టీరియాని లెక్కపెట్టే ప్రయోగం పిల్లలకి బాగా నచ్చుతుంది. ఒక గ్రాము మట్టిని 9 మిల్లీలీటర్ల శుభ్రమైన నీటిలో కలిపితే పదో వంతుకి పలచనవుతుంది. అందులోంచి 1 మిల్లీలీటరు తీసి మళ్ళీ 9 మిల్లీలీటర్లలో కలిపితే నూరో వంతు. అలా వరసగా పలచన చేస్తూ పోయి, లక్షో వంతు దాంట్లోంచి 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద పరిస్తే 42 కాలనీలు వచ్చాయనుకోండి. అంటే మొదలుపెట్టిన గ్రాము మట్టిలో 4 కోట్ల 20 లక్షలు! మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లీ సంస్థలో, 1948లో వెల్లడైన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు కూడా మట్టి నమూనాల నుంచి వేరుచేసిన సూక్ష్మజీవి ఇచ్చిందే. మేం చదువుకునే రోజుల్లో ఈ మట్టినీళ్ళని పిప్పెట్ అనే సన్నటి గాజు గొట్టంతో నోటితో పీల్చేవాళ్ళం. పైన కొంచెం దూది పెట్టి ధైర్యంగా ఉండేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. నా ల్యాబ్‌లో ఆ పని చేసినవాళ్ళని బయటికి పంపిస్తాను.

ఇక గ్రామ్ స్టెయినింగ్, అంటే రంగులద్ది బాక్టీరియాని రెండు రకాలుగా గుర్తించే పద్ధతి. నా గుండెకి దగ్గరైంది, నన్ను ఏడిపించిందీ ఇదే. ఊదారంగు ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, ఆల్కహాల్‌తో కడగడం, చివర ఎర్రటి సాఫ్రనిన్. కణకవచం మందంగా ఉన్నవి ఊదారంగుని పట్టుకుని ఉంటాయి, వాటినే గ్రామ్ పాజిటివ్ అంటాం. పలచటివి వదిలేసి గులాబీ రంగు తీసుకుంటాయి. డెన్మార్క్‌కి చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో దీన్ని ప్రకటించినప్పుడు బాక్టీరియాని రెండు వర్గాలుగా విడదీయాలన్న ఆలోచనే ఆయనకి లేదు. న్యుమోనియాతో చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల ముక్కల్లో బాక్టీరియా విడిగా కనిపిస్తే చాలనుకున్నాడు. తన పద్ధతిలో లోపాలు ఉన్నాయని తనే రాసుకున్నాడు కూడా.

కష్టమంతా ఆల్కహాల్ దగ్గరే. కొన్ని సెకన్లు ఎక్కువైతే ఊదారంగు ఉండాల్సినవీ గులాబీ అయిపోతాయి. నా ప్రాక్టికల్ పరీక్షలో జరిగింది అదే. పెరుగు స్లైడ్ ఇచ్చారు. పెరుగులో ఉండేవి ఊదాగా రావాలని బట్టీపట్టిన పాఠం. టెన్షన్‌లో ఆల్కహాల్ ధారగా పోసేశాను. మైక్రోస్కోప్‌లో చూస్తే అంతా గులాబీ. రాతలో మాత్రం "ఊదారంగు, గ్రామ్ పాజిటివ్" అని రాసేశాను. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు స్లైడ్ చూసి, నా కాగితం చూసి, "ఇదెక్కడ కనిపించిందమ్మా నీకు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కనిపించింది సీనియర్ రికార్డులో.

మన ల్యాబుల్లో ఆ జబ్బు ఇప్పటికీ ఉంది. ప్రయోగం మొదలవకముందే రికార్డులో ఫలితం రాసి ఉంటుంది, స్కెచ్ పెన్నుతో ఊదా గుండ్రాలు వేసి మరీ. అందుకే పెరుగు స్లైడ్ రోజున రికార్డులు బయట అల్మరాలో పెట్టిస్తాను. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి కనిపించిందే గీయమంటాను. అదే స్లైడ్ మీద పక్కన పళ్ళ పాచి కూడా పూయమంటాను. అందులో రెండు రంగులవీ ఉంటాయి కాబట్టి, అంతా ఒకే రంగులో ఉంటే తప్పు ఆల్కహాల్‌దని వాళ్ళకే తెలుస్తుంది. గులాబీ వచ్చిందని రాసి, ఎందుకు వచ్చిందో చెప్పగలిగితే పూర్తి మార్కులు వేస్తాను.

సెమిస్టర్ చివర ప్లేట్లన్నీ పోగేసి ఆటోక్లేవ్ చేశాకే పారేస్తాం. బాక్టీరియా బతికుండగా ఏదీ చెత్తబుట్టలోకి పోకూడదు. పోయినేడాది మూత బిగించబోతుంటే ఒకబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఒక్క నిమిషం, నా ప్లేటు ఫోటో తీసుకుంటాను." నాలుగో గీతల్లో చక్కగా విడివిడిగా పన్నెండు కాలనీలు. ఖాళీ జాగాలో ఒక బూజు మచ్చ. అడుగున, తేదీ కింద, మార్కర్ పెన్నుతో వాడే రాసుకున్నాడు: "మచ్చ నాది. తుమ్మాను."