వాన్‌పిక్: టెండరు లేని చోట పడిన గండి

చీరాల దగ్గరి వాడరేవు, అప్పటి గుంటూరు జిల్లా నిజాంపట్నం కలిపితే వాన్‌పిక్. రెండు ఓడరేవులు, మధ్యలో పారిశ్రామిక కారిడార్ కడతామంటూ 2008 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లోని యూఏఈలో భాగమైన రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుంది. రెండు ప్రభుత్వాల వ్యవహారమని పోటీ టెండరు పిలవలేదు. గండి పడింది అక్కడే. విదేశీ సంస్థ మన దేశంలో సాగుభూమి కొనడానికి వీల్లేదు, కాబట్టి ఇక్కడొక భాగస్వామి కావాలి. రాయితీలేమో విదేశీ ప్రభుత్వాన్ని చూసి ఇస్తారు, భూములు మాత్రం స్థానిక భాగస్వామి గుప్పిట్లోకి పోయాయని సీబీఐ 2012లో చార్జిషీటు వేసింది. ప్రతిఫలంగా వేరే కంపెనీల్లోకి పెట్టుబడులు వెళ్లాయన్నది అందులోని ప్రధాన అభియోగం. ఇంకా అభియోగమే, రుజువైన నేరం కాదు.

ఊళ్లలో కథ వేరు. చినగంజాం, వేటపాలెం ఇసుక నేలల్లో పేదలకు ప్రభుత్వమిచ్చిన డీకే పట్టాలు, అంటే అసైన్డ్ భూములు, చాలా ఉన్నాయి. 1977 చట్టాన్ని 2023లో సవరించేదాకా వాటి అమ్మకం చెల్లేది కాదు, అయినా తెల్ల కాగితం మీద చేతులు మారుతూనే ఉండేవి. ప్రాజెక్టు వస్తుందని ముందే తెలిసినవాడు ఎకరాలు పోగేసుకుంటాడు. పట్టా ఒకరిది, సాగు ఇంకొకరిది, కాగితం మూడోవాడిది. పరిహారం వచ్చే వేళకు అనుభవదారుల, అంటే భూమి చేతిలో ఉన్నవాళ్ల, జాబితాలో కొత్త పేరు ఎక్కించడమే అసలు బేరం. అసైన్డ్ రైతుకూ పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. ఆ మాట చెప్పేవాళ్లు లేకే చాలామంది ఇచ్చింది పుచ్చుకుని సంతకం పెట్టేస్తారు.

ఇప్పుడు ఏ కొత్త ప్రాజెక్టు పేరు వినిపించినా మొదట ఆ కంపెనీ వాటాల కేటాయింపు పత్రం, పీఏఎస్-3, చూడాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కడితే దొరుకుతుంది. వాటాలు డబ్బుకే ఇచ్చారా, ఎవరికి ఎన్ని కేటాయించారో అందులోనే తేలుతుంది. సమాచార హక్కు కింద మండల కార్యాలయంలో 5 రూపాయలు కట్టి పాత అడంగల్ (ఏటా రాసే సాగు రికార్డు), అనుభవదారుల జాబితా, చెల్లింపుల రిజిస్టరు మూడూ అడగాలి. ఒక్కటే తీసుకుంటే పోల్చడానికేమీ ఉండదు. ప్రాజెక్టు ప్రకటన తేదీకి ముందు ఏడాది అడంగల్‌లో లేని పేరు చెల్లింపుల్లో కనిపిస్తే అక్కడ ఆగి, ఆ సర్వే నంబరు ఫైలు మొత్తం అడగాలి. 2022 ఏప్రిల్‌లో చినగంజాం, వేటపాలెం మండలాలు ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి పోయాయి గనుక పాత రికార్డుల కోసం ఒంగోలు కలెక్టరేట్‌కూ దరఖాస్తు పెట్టడం మేలు.

ఇంకో నష్టం ఆలస్యంగా తెలిసింది. ప్రాజెక్టు ఆగాక రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ, భారత్-యూఏఈ మధ్య 2013లో కుదిరిన పెట్టుబడుల రక్షణ ఒప్పందం కింద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. పరిహారం అడిగింది స్థానిక భాగస్వామిని కాదు, భారత ప్రభుత్వాన్ని.